ఇ.జి.నా, ఐ.ఇ.నా, ఎట్‌సెట్రానా? ఇంగ్లిష్ జాబితాల్లో ఏది ఎక్కడ రాయాలి

కొన్నేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం ఎలా ఉండాలో రాసిచ్చే పని నా మీద పడింది. అందులో ఒక లైను ఇలా రాశాను: "ద యూజర్ షుడ్ అప్‌లోడ్ ఎ ఫొటో ఐడీ (ఐ.ఇ., ఆధార్, పాన్)." ఆధార్, పాన్ లాంటిది ఏదో ఒకటి చాలు అని నా ఉద్దేశం. కోడ్ రాసే కుర్రాడు మాత్రం నేను రాసింది రాసినట్టే చదివాడు. డ్రాప్‌డౌన్‌లో రెండే రెండు పెట్టాడు. ఫారం జనంలోకి వెళ్లిన రోజు మధ్యాహ్నానికి పాస్‌పోర్టు మాత్రమే చేతిలో ఉన్నవాళ్లు, డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లు ఫోన్లు మొదలుపెట్టారు. "అదేంటి తమ్ముడూ, ఓటరు కార్డు కూడా పెట్టలేదా?" అని అడిగాను. అతను నా డాక్యుమెంటే తెరిచి ఆ లైను మీద వేలు పెట్టి, "మీరే రాశారు కదన్నా, ఫొటో ఐడీ అంటే ఆధార్, పాన్ అని" అన్నాడు. నోరెత్తడానికి ఏం లేదు. ఇ.జి. రాయాల్సిన చోట ఐ.ఇ. రాశాను.

ఈ పొట్టి అక్షరాలు వాక్యానికి హుందాతనం కోసం పెట్టే అలంకారాలని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. నిజానికి అవి చేసే పని ఒక్కటే: ముందున్న జాబితా పూర్తిదా, లేక మచ్చుకి నాలుగు చెప్పి వదిలేసినదా అన్నది చదివేవాళ్లకి చెప్పడం. అది తేల్చుకోకుండా ఏది రాసినా తంటానే.

ఇక్కడ ఇంగ్లిష్ వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పైకి చదివి చూసుకోండి. సగం తప్పులు చెవికే దొరుకుతాయి. ఇ.జి. అన్నచోట స్మాల్ లెటర్స్‌లో ఇ, చుక్క, జి, చుక్క అని, ఐ.ఇ. అన్నచోట ఐ, చుక్క, ఇ, చుక్క అని అర్థం చేసుకోండి.

1. ముందు వాక్యాన్ని తెలుగులో అనుకోండి

ఏది పెట్టాలో తేలనప్పుడు ఇంగ్లిష్‌తో కుస్తీ పట్టకండి. అదే మాట తెలుగులో అనుకోండి. ఆ చోట మీ నోటికి "ఉదాహరణకు" వస్తే ఇ.జి. రాయండి. "అంటే" వస్తే ఐ.ఇ. రాయండి. మన బడి పుస్తకాల్లో "ఉదా:" అని, "అనగా" అని ఉండేవి గుర్తున్నాయా? ఆ జంటే ఈ జంట. "సరి సంఖ్యలు, ఉదా: 2, 4, 6" అని చదువుకున్నాం. "త్రిభుజం, అనగా మూడు భుజాలు గల పటం" అని చదువుకున్నాం. ఆ రెంటినీ తారుమారు చేసి "త్రిభుజం, ఉదా: మూడు భుజాలు గల పటం" అని ఏ పిల్లాడూ రాయడు. తెలుగులో ఎప్పుడూ రాని తప్పు ఇంగ్లిష్‌లో వస్తోందంటే, తెలియనిది భేదం కాదు, ఆ అక్షరాల అర్థం మాత్రమే.

అక్షరాల అర్థం కూడా చెప్పేసుకుందాం. రెండూ లాటిన్ మాటలకి పొట్టి రూపాలు. ఇ.జి. అంటే ఎగ్జెంప్లి గ్రాషియా, ఉదాహరణ కోసం అని. ఐ.ఇ. అంటే ఇడ్ ఎస్ట్, అది ఏమిటంటే అని. లాటిన్ గుర్తుండకపోతే ఇ.జి.ని "ఎగ్జాంపుల్ గివెన్" అని గుర్తుపెట్టుకోండి. అది దాని అసలు పుట్టుక కాదు, గుర్తుకోసం పెట్టుకున్న కొండగుర్తు, అంతే. కానీ పని చేస్తుంది.

ఒకే వాక్యం మీద రెండూ పెట్టి చూడండి. 10 లోపు ప్రధాన సంఖ్యలు నాలుగే: 2, 3, 5, 7. కాబట్టి "ప్రైమ్ నంబర్స్ బిలో 10 (ఐ.ఇ., 2, 3, 5 అండ్ 7)" అని రాయాలి. ఎందుకంటే మొత్తం చెప్పేశారు. "ప్రైమ్ నంబర్స్ బిలో 10 (ఇ.జి., 3 అండ్ 7)" అన్నా ఒప్పే, రెండు మచ్చుకి చూపించారు. "ఐ.ఇ., 3 అండ్ 7" అంటే మాత్రం లెక్కే తప్పు. గ్రామర్ పొరపాటని ఎవరూ సరిపెట్టుకోరు, మీకు లెక్కలు రావనుకుంటారు. అలాగే "ద టూ తెలుగు స్టేట్స్ (ఐ.ఇ., ఆంధ్ర ప్రదేశ్ అండ్ తెలంగాణ)" అనాలి, 2014 నుంచి ఉన్నవి ఆ రెండే కాబట్టి. దక్షిణాది రాష్ట్రాల్లో కేరళ ఒక్కటే చెప్పి ఆగితే అక్కడ ఇ.జి. కావాలి.

ఐ.ఇ. జాబితాల ముందే రావాలని లేదు. ముందు చెప్పిన మాటని ఇంకా సూటిగా చెప్పడానికి కూడా వస్తుంది: "సబ్మిట్ ఇట్ బై ద లాస్ట్ వర్కింగ్ డే, ఐ.ఇ., ఫ్రైడే." శుక్రవారం ఒక ఉదాహరణ కాదు, అదే ఆఖరి రోజు. ఇక్కడ ఇ.జి. పెడితే "శుక్రవారం లాంటి రోజు" అన్నట్టు అవుతుంది. అలాంటి రోజు ఏదో వెతుక్కోవాలి మరి.

2. చుక్కలు, కామాలు

దీని మీద ఎక్కువ సేపు నిలబడక్కర్లేదు. అమెరికన్ పద్ధతిలో రెండు అక్షరాల తర్వాతా చుక్కలుంటాయి, ఆ తర్వాత కామా ఉంటుంది. బ్రిటిష్ పద్ధతిలో ఆ కామా మామూలుగా ఉండదు, కొందరు చుక్కలు కూడా పెట్టరు. రెండూ ఒప్పే. ఒక డాక్యుమెంటులో సగం ఒకలా సగం ఇంకోలా ఉండటమే తప్పు. మీ కాలేజీకో కంపెనీకో ఒక స్టైల్ గైడ్ ఉంటే అది చెప్పినట్టు చేయండి, లేకపోతే ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే రాయండి.

ఒక్క చుక్కే పెట్టి వదిలేయడం మాత్రం ఏ పద్ధతిలోనూ లేదు. "ఐఇ.," అని చివర్లో మాత్రమే చుక్క పెట్టడం, "ఇజి:" అని కోలన్ పెట్టడం మన దగ్గర చాలా ఎక్కువ. రెండు మాటలు, రెండు పొట్టి అక్షరాలు, కాబట్టి రెండు చుక్కలు. లేదంటే అసలు వద్దు. వీటితో వాక్యం మొదలుపెట్టకండి. వాక్యం మొదట్లో కావాలంటే "ఫర్ ఎగ్జాంపుల్" అని పూర్తిగా రాయండి. ఫోన్‌లో టైప్ చేస్తే కీబోర్డు ఆ ఐని క్యాపిటల్ చేసేస్తుంటుంది, పంపేముందు ఒకసారి చూసుకోండి.

ఇక "ఎక్స్:" సంగతి. ఈ, ఎక్స్ అని రెండక్షరాలు రాసి కోలన్ పెట్టడం మన నోట్సుల్లో ఎంత పాతుకుపోయిందంటే, అది ఇంగ్లిష్‌లో ఉన్న పద్ధతే అనుకుంటాం. బోర్డు మీద టీచరు అలాగే రాసేవారు, మనమూ అలాగే దించుకున్నాం. బయటి దేశాల్లో చదివేవాళ్లకి ఆ రెండక్షరాలు చూస్తే ఎక్సర్‌సైజ్ అనో, మాజీ అనో తోస్తుంది. సొంత నోట్సులో రాసుకోండి, ఎవరూ అడగరు. అప్లికేషన్‌లో, రిపోర్టులో, ఆఫీసు మెయిల్‌లో మాత్రం ఇ.జి. రాయండి లేదా "ఫర్ ఎగ్జాంపుల్" అనండి.

3. ఎట్‌సెట్రా: మనం అందరికంటే ఎక్కువ వాడేది, ఎక్కువ పాడుచేసేది

ముందు పలకడం. అది "ఎక్సెట్రా" కాదు, ఎట్‌సెట్రా. పలకడం సరిపోతే రాయడమూ సరిపోతుంది: ఇ, టి, సి, చివర ఒక్క చుక్క. ఇ, సి, టి అని రాసేవాళ్లంతా "ఎక్సెట్రా" అని పలికేవాళ్లే. లాటిన్‌లో "ఎట్" అంటే "మరియు". "సెటెరా" అంటే "మిగతావి". ఈ ఒక్క ముక్క తెలిస్తే నాలుగైదు తప్పులు వాటంతటవే పోతాయి.

"అండ్ ఎట్‌సెట్రా" అంటే "మరియు మరియు మిగతావి" అన్నమాట. నడిసెంటర్లో అన్నట్టు. నడి అన్నా సెంటరే కదా. మాటల్లో "నడిసెంటర్" బాగానే ఉంటుంది కానీ రాతలో "అండ్ ఎట్‌సెట్రా" బాగుండదు. "ఎట్‌సెట్రా, ఎట్‌సెట్రా" అని రెండుసార్లు రాయడం, దాని తర్వాత మూడు చుక్కలు లాగడం కూడా ఇలాంటివే. మిగతావి అని ఒకసారి చెబితే మిగతావన్నీ వచ్చేశాయి.

ఇంకో తప్పు ఇంతకంటే ఎక్కువ కనిపిస్తుంది. "ఫ్రూట్స్ సచ్ యాజ్ మ్యాంగో, గువావా, బనానా, ఎట్‌సెట్రా" అని రాస్తాం. "సచ్ యాజ్" అన్నప్పుడే ఇవి మచ్చుకి మాత్రమే, ఇంకా ఉన్నాయి అని చెప్పేశారు. మళ్లీ చివర్లో "మిగతావి" ఎందుకు? ఇ.జి., ఫర్ ఎగ్జాంపుల్, సచ్ యాజ్, లైక్, ఇంక్లూడింగ్: వీటిలో ఏదైనా ముందు ఉంటే చివర ఎట్‌సెట్రా పెట్టకండి. "ఫ్రూట్స్ సచ్ యాజ్ మ్యాంగో, గువావా అండ్ బనానా" అని చక్కగా ముగించండి. తెలుగులో "ఉదాహరణకు మామిడి, జామ, అరటి మొదలైనవి" అని మనం హాయిగా అంటాం, అందుకే ఇంగ్లిష్‌లో కూడా చెయ్యి అలాగే పోతుంది. తెలుగులో అది చెవికి ఇబ్బందిగా ఉండదు, ఇంగ్లిష్‌లో రెండు మూతలు పెట్టినట్టుంటుంది. ఐ.ఇ. ఉన్న జాబితా చివర ఎట్‌సెట్రా అయితే మరీ విడ్డూరం: "మొత్తం ఇవే" అని మొదలుపెట్టి "ఇంకా ఉన్నాయి" అని ముగించడం.

మరి ఎట్‌సెట్రా ఎక్కడ పెట్టొచ్చు? నేను పోపుల డబ్బాతో చూసుకుంటాను. "ఆవాలు, జీలకర్ర, మెంతులు వగైరా" అని ఇంట్లో అంటే మిగతావి ఏమిటో వంటింట్లోకి ఎప్పుడూ అడుగుపెట్టనివాడికి కూడా తెలుస్తుంది. ఎండుమిర్చి, మినప్పప్పు, ఇంగువ. చెప్పిన రెండు మూడు వస్తువులే డబ్బా పేరు చెప్పేశాయి. అదే "ఆవాలు, గొడుగు, కరెంటు బిల్లు వగైరా" అంటే ఆ వగైరాలో ఏముందో చెప్పినవాడికే తెలియాలి. మీరు చెప్పిన వస్తువులు ఒకే డబ్బాలోవి అయితే, మిగతావి చదివేవాళ్లు ఊహించగలిగితే ఎట్‌సెట్రా రాయండి. "పెన్స్, పెన్సిల్స్, ఇరేజర్స్, ఎట్‌సెట్రా" ఒప్పు. ఒకే ఒక్క వస్తువు చెప్పి ఎట్‌సెట్రా అంటే ఊహించడానికి ఏం దొరుకుతుంది? కనీసం రెండు చెప్పండి.

కామా సంగతి: ఎట్‌సెట్రాకి ముందు కామా పెట్టండి. వాక్యం మధ్యలో వస్తే అమెరికన్ పద్ధతిలో తర్వాత కూడా కామా పెడతారు. వాక్యం చివర వస్తే దాని చుక్కే ఫుల్‌స్టాప్, రెండో చుక్క వద్దు. ప్రశ్నార్థకం అయితే చుక్క ఉంటుంది, దాని పక్కనే ప్రశ్న గుర్తు కూడా ఉంటుంది.

రెజ్యూమెలో మాత్రం ఈ మాటని దగ్గరికి రానివ్వకండి. "స్కిల్స్: జావా, ఎంఎస్ ఎక్సెల్, ఎట్‌సెట్రా" అని రాసిన కుర్రాళ్లని ఇంటర్వ్యూలో "ఎట్‌సెట్రాలో ఏమేం వచ్చు బాబూ?" అని అడిగితే ఎదురయ్యే నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. ఆ గదిలో టేబుల్‌కి రెండు వైపులా నేను కూర్చున్నాను.

4. మనుషులకి ఎట్‌సెట్రా వద్దు

జిల్లా పేజీలో ఏ వార్త చూసినా చివర ఒక వాక్యం ఉంటుంది: సర్పంచి ఫలానా, ఎంపీటీసీ ఫలానా, తదితరులు పాల్గొన్నారు. అక్కడ "వగైరా పాల్గొన్నారు" అని రాస్తే ఊళ్లో గొడవే. మనకి వస్తువులకి వగైరా ఉంది, మనుషులకి తదితరులు ఉంది. తత్, ఇతరులు; వాళ్లు కాక మిగిలినవాళ్లు. లాటిన్‌లోనూ అంతే. వస్తువులకి ఎట్ సెటెరా, మనుషులకి ఎట్ అలియై. రెండోదానికి పొట్టి రూపమే "ఎట్ ఆల్".

ఇది థీసిస్ రాసేవాళ్లకి రోజూ పడే మాట. "ఎట్"కి చుక్క ఉండదు, అది పూర్తి మాటే. "ఆల్" తర్వాతే చుక్క, ఎందుకంటే అక్కడే మాట తెగింది. ఈ ఒక్క చుక్క మీద గైడ్లు ఎర్ర ఇంకు ఎంత ఖర్చుపెట్టారో. ఏపీఏ పద్ధతిలో (పరిశోధన వ్యాసాలు రాయడానికి అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ పెట్టిన పద్ధతి) 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ నుంచి, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది రచయితలుంటే వ్యాసం లోపల మొదటిసారి చెప్పేటప్పుడే మొదటి పేరు రాసి "ఎట్ ఆల్." పెట్టేస్తారు. ఇద్దరే ఉంటే ఇద్దరి పేర్లూ రాయాలి. మిగిలింది ఒక్కరే కదా, ఆయన్ని "తదితరులు" అనలేం.

మామూలు మెయిల్‌లో "రమేష్, సురేష్ ఎట్ ఆల్." అని రాయకండి, వెటకారంలా ఉంటుంది. "అండ్ అదర్స్" చాలు.

5. సచ్ యాజ్, ఇంక్లూడింగ్

"సచ్ యాజ్" ముందు కామా పెట్టాలా వద్దా అన్నది చాలామందిని ఏళ్ల తరబడి పీడించే ప్రశ్న. దీనికి ఒక తేలిక మార్గం ఉంది. సచ్ యాజ్ ముక్కని మొత్తంగా తీసేసి, మిగిలిన వాక్యం నిజమో కాదో చూడండి.

"క్రాప్స్ సచ్ యాజ్ ప్యాడీ నీడ్ ఎ లాట్ ఆఫ్ వాటర్." ఇందులో వరి ముక్క తీసేస్తే "పంటలకి చాలా నీళ్లు కావాలి" అని మిగులుతుంది. జొన్న వేసే రైతు ఒప్పుకోడు. అంటే ఏ పంటలో చెప్పేది ఆ ముక్కే, అది లేకపోతే వాక్యం అబద్ధం అవుతుంది. కాబట్టి కామా వద్దు, వాక్యానికి అతికించే ఉంచండి. "సిట్రస్ ఫ్రూట్స్, సచ్ యాజ్ లెమన్ అండ్ ఆరెంజ్, కంటెయిన్ విటమిన్ సి." ఇందులో ఆ ముక్క తీసేసినా వాక్యం నిజమే. అది అదనంగా చెప్పిన మాట కాబట్టి ముందొక కామా, వెనకొక కామా. రెండో కామా మరిచిపోవడం మామూలే. ఎత్తిన చెయ్యి దించకుండా వదిలేసినట్టు ఉంటుంది. సచ్ యాజ్ తర్వాత కోలన్ కూడా వద్దు.

సచ్ యాజ్ ముందు ఒక జాతి పేరు వస్తుంది కదా, ఫ్రూట్స్, క్రాప్స్ అని. తర్వాత చెప్పేవన్నీ ఆ జాతివే అయ్యుండాలి. "లాంగ్వేజెస్ సచ్ యాజ్ పైథాన్, జావా అండ్ ఎక్సెల్" అంటే ఎక్సెల్ భాష కాదు. రూపం కూడా ఒకేలా ఉండాలి. "మై హాబీస్ ఆర్ రీడింగ్, టు ప్లే క్రికెట్ అండ్ మ్యూజిక్" అని పైకి చదవండి, నడుస్తున్నవాడికి చెప్పు తెగినట్టు ఉంటుంది. "రీడింగ్, ప్లేయింగ్ క్రికెట్ అండ్ లిజనింగ్ టు మ్యూజిక్" అంటే సాఫీగా పోతుంది. "లైక్" అన్నది మాట్లాడేటప్పుడు బాగానే ఉంటుంది, రాతలో సచ్ యాజ్ కాస్త పద్ధతిగా ఉంటుంది. అంతకుమించి దాని మీద వాదులాట అనవసరం.

"ఇంక్లూడింగ్" అన్నప్పుడు జాబితా పూర్తి కాదని అర్థం. ఇది వట్టి గ్రామర్ కాదు, కోర్టుల్లో నడిచే విషయం. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో సమాచారం అంటే ఏమిటో చెప్పే చోట, ఏ రూపంలో ఉన్న ఏ మెటీరియలైనా అని చెప్పి, "ఇంక్లూడింగ్" అని పెట్టి రికార్డులు, డాక్యుమెంట్లు, మెమోలు, ఈ-మెయిళ్లు, సర్క్యులర్లు, లాగ్‌బుక్కులు అంటూ పెద్ద జాబితా ఇచ్చారు. ఆ ఒక్క మాట వల్ల జాబితాలో పేరు లేని కాగితం కూడా సమాచారమే అవుతుంది. చట్టాల్లో నిర్వచనం "మీన్స్" అని మొదలైతే అంతవరకే అని, "ఇంక్లూడ్స్" అని ఉంటే ఇంకా ఉండొచ్చని మామూలుగా అర్థం చెబుతారు. "మీన్స్ అండ్ ఇంక్లూడ్స్" అని రెండూ కలిపితే? జాబితా అక్కడితో ఆగినట్టే అని 1995లో పి. కాశీలింగం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు అద్దె అగ్రిమెంట్ రాసుకుంటున్నా సరే, "మెయింటెనెన్స్ ఇంక్లూడ్స్ వాటర్ అండ్ లిఫ్ట్" అని రాస్తే ఓనరు రేపు జనరేటర్ కూడా అందులోదే అనొచ్చు. అంతే అనుకుంటే "వాటర్ అండ్ లిఫ్ట్ ఓన్లీ" అని రాయించండి.

ప్రభుత్వ ఉత్తరాల్లో కనిపించే "విజ్." కూడా ఇక్కడే చెప్పేస్తాను. వి, ఐ, జెడ్. లాటిన్‌లో వీడీలికెట్. ఆ మాటలో ఎక్కడా జెడ్ లేదు. పాతకాలం రాయసగాళ్లు మాట కుదించినప్పుడు గీసే ఒక వంకర గుర్తు అచ్చులో జెడ్‌గా మారింది. అర్థం "నేమ్లీ", పేర్లు చెప్పాలంటే అని. "ద ఫాలోయింగ్ త్రీ డాక్యుమెంట్స్, విజ్., ..." అన్నాక మూడూ చెప్పాల్సిందే, రెండు చెప్పి ఆగకూడదు. కొత్తగా రాసేవాళ్లు "నేమ్లీ" అనే రాయండి. విజ్. చదివితే ఇప్పటికీ నాకు పాత టైపు మిషను చప్పుడు వినిపిస్తుంది.

6. ఆఖరి "అండ్" ముందు కామా

మూడో నాలుగో వస్తువులు చెప్పి ఆఖరిదానికి ముందు "అండ్" పెడతాం. ఆ అండ్ ముందు కామా ఉండాలా? ఉంటే దాన్ని ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. ఆ యూనివర్సిటీ ప్రెస్ వాళ్లు పెడతారు కాబట్టి ఆ పేరు. ఇండియాలో మన బడుల్లో పెట్టొద్దనే నేర్పారు. నేను మాత్రం పెడతాను, ముఖ్యంగా డబ్బుతోనో పనితోనో ముడిపడ్డ జాబితాల్లో.

కారణం అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో జరిగిన పాల కంపెనీ కేసు. అక్కడి ఓవర్‌టైమ్ చట్టం కొన్ని పనులకి మినహాయింపు ఇస్తూ ఒక జాబితా పెట్టింది. డబ్బాల్లో నింపడం, ఎండబెట్టడం, నిల్వ చేయడం లాంటివన్నీ చెప్పి చివర్లో "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అంది. "ఆర్" ముందు కామా లేదు. డిస్ట్రిబ్యూషన్ విడిగా ఒక పని అని కంపెనీ వాదన. కాదు, మినహాయింపు ఉన్నది ప్యాకింగ్ ఒక్కదానికే, షిప్‌మెంట్ కోసమైనా డిస్ట్రిబ్యూషన్ కోసమైనా. మేం ప్యాకింగ్ చేయం, సరుకు చేరవేస్తాం, మా ఓవర్‌టైమ్ మాకివ్వండి అని డ్రైవర్ల వాదన. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకి రాజీ చేసుకుంది. ఆ చట్టాన్ని తర్వాత సవరించినప్పుడు ఆ కామాలన్నీ తీసేసి సెమీకోలన్లు పెట్టారు.

సెమీకోలన్ మనకీ పనికొస్తుంది. జాబితాలో ఒక్కో వస్తువు లోపలే కామా ఉంటే, వాటి మధ్య సెమీకోలన్ పెట్టండి: "ఆఫీసెస్ ఇన్ గుంటూర్, ఆంధ్ర ప్రదేశ్; వరంగల్, తెలంగాణ; అండ్ హోసూర్, తమిళ్ నాడు." అన్నిచోట్లా కామాలే పెడితే ఆరు ఆఫీసులున్నట్టు కనిపిస్తుంది.

7. పంపేముందు వెతకండి, వీలైతే తీసేయండి

రాసేటప్పుడు ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడకండి. రాయడం అయ్యాక కంట్రోల్, ఎఫ్ నొక్కి ముందు ఐ.ఇ. కోసం వెతకండి. దొరికిన ప్రతిచోటా "అంటే" అని చదువుకోండి. తర్వాత ఇ.జి. వెతికి "ఉదాహరణకు" అని చదవండి. ఆఖర్న ఎట్‌సెట్రా వెతికి, ఆ వాక్యంలోనే వెనక్కి చూపు పోనిచ్చి సచ్ యాజ్, లైక్, ఇంక్లూడింగ్ ఉన్నాయేమో చూడండి. ఇరవై పేజీల రిపోర్టుకైనా పది నిమిషాలు పట్టదు.

ఇంకో మాట. చదివేవాళ్లు మామూలు జనమైతే ఈ పొట్టి అక్షరాలు లేకుండానే రాయొచ్చు. బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్‌లో ఇ.జి., ఐ.ఇ., ఎట్‌సెట్రాలని 2016 నుంచి తగ్గించుకుంటూ వచ్చింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకి అవి అర్థం కాకపోవడం ఒక కారణం, చూపు లేనివాళ్లకి పేజీ చదివిపెట్టే ప్రోగ్రాములు చుక్కల్లేని ఇ.జి.ని తప్పుగా చదవడం ఇంకో కారణం. వాటి బదులు "ఫర్ ఎగ్జాంపుల్", "సచ్ యాజ్", "దట్ ఈజ్" అని రాయమంటారు. ఇంగ్లిష్ పుట్టిన దేశమే వదిలేస్తుంటే మనం పట్టుకు వేలాడక్కర్లేదు.

నా దగ్గరికి వచ్చిన ఒక రెజ్యూమెలో లైను ఇది: "గుడ్ నాలెడ్జ్ ఇన్ లాంగ్వేజెస్ లైక్ ఎక్స్: జావా, పైథాన్, ఎంఎస్ ఎక్సెల్ అండ్ ఎట్‌సెట్రా.." దీన్ని ఆ అబ్బాయి పక్కన కూర్చుని విప్పాం. లైక్, ఎక్స్ రెండూ ఒకే పని చేస్తున్నాయి, రెండూ పోయాయి. ఎక్సెల్ భాష కాదు, వేరే లైనుకి వెళ్లింది. అండ్ పోయింది, ఎట్‌సెట్రా పోయింది, రెండు చుక్కలూ పోయాయి. మిగిలింది: "ప్రోగ్రామింగ్: జావా, పైథాన్. ఆఫీస్ టూల్స్: ఎంఎస్ ఎక్సెల్." "ఇంత చిన్నదైపోయిందేంటి సార్?" అన్నాడు దిగులుగా. ఇంకేం వచ్చని అడిగితే, ఎస్‌క్యూఎల్ కూడా వచ్చన్నాడు. అదీ రాశాం. ఎట్‌సెట్రా వెనక దాక్కున్నది అదే.

ఇక నా ఫారం. ఐ.ఇ. తీసి ఇ.జి. పెడితే సరిపోతుందని ముందు అనుకున్నాను. ఆ పూటే పెట్టాను కూడా. తర్వాత ఆలోచిస్తే, కోడ్ రాసేవాడికి మచ్చు చూపిస్తే ఏం లాభం? మిగతావి అతను ఊహించుకోవాలి, ఊహించినవి మళ్లీ తప్పొచ్చు. చివరికి ఆ లైను ఇలా మారింది: "వన్ ఆఫ్ ద ఫాలోయింగ్: ఆధార్, పాన్, పాస్‌పోర్ట్, వోటర్ ఐడీ, ఆర్ డ్రైవింగ్ లైసెన్స్." కుర్రాడు చదివి, "ఇంతేనా అన్నా?" అని అడిగాడు. ఇంతే అన్నాను.